పిచ్చమ్మ ఆకువక్క

ఆ ఇంట్లో అన్నిటికన్నా చివర ఆగిపోయింది పిచ్చమ్మ ఆకువక్క.

బయట తాగే టీ ముందే ఆగింది. ఆటో ఆగింది. ఆదివారం కోడికూర ఆగింది. టీవీ రీచార్జి ఆగినప్పుడు రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడలేదు. అయినా బాకీ ఇంకా మిగిలే ఉంది. అప్పుడు సామ్రాజ్యం కూతురు వినీల, తన ఇంటర్ నోటుబుక్కు వెనక పేజీలో రాసిన ఖర్చుల పట్టీని మళ్ళీ పైనుంచి కిందికి చదివింది. 'జేజి ఆకువక్క, నెలకు ఆరువందలు' అన్న చోట ఆగింది. పెన్ను తల్లి చేతికిచ్చింది.

సామ్రాజ్యం కొట్టేసింది. రొయ్యల షెడ్డులో తలలు తీసీ తీసీ వేళ్ళ కొసలు ఐసునీళ్ళకు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పెన్ను సరిగా నిలవక గీత వంకరగా పడింది.

"రెండు నెల్లే అత్తా," అంది. "మళ్ళీ వేటకు దిగేలోపల జయకుమారు బాకీ తీర్చేస్తే, ఆనాక నీ ఆకుకు అడ్డం చెప్పేదెవురు?"

"నాకెందుకు మే ఇంకా ఆకు? నమిలేదానికి పళ్ళుండాయా ఏమన్నానా?" అంది పిచ్చమ్మ. నోట్లో ఉన్న తాంబూలాన్ని మాత్రం ఆ పూట మామూలుకన్నా చాలాసేపు నమిలింది.

అది ఏప్రిల్‌లో, సముద్రం మీద వేట ఆపేసిన కొత్తల్లో మాట. ఇప్పుడు జూన్ పన్నెండు. ఇంకో మూడు రోజుల్లో పడవలు దిగుతాయి. సామ్రాజ్యం పాలపొడి డబ్బాను చాప మీద బోర్లించింది. వేట లేని రోజులకని సర్కారు ఇచ్చిన ఇరవై వేలు, చెవికమ్మలు అమ్మగా వచ్చిన డబ్బు, ఎండుచేపల డబ్బు, రొయ్యల షెడ్డు కూలి, అన్నీ కలిపి వినీల రెండుసార్లు లెక్కపెట్టింది. యాభై ఎనిమిది వేలు. మిగిలిన బాకీ కూడా సరిగ్గా అంతే.

సామ్రాజ్యం చెవి రంధ్రాలు పూడిపోకుండా పెట్టుకున్న వేపపుల్లల్ని ఒకసారి తడుముకుని, డబ్బు కొంగున ముడేసుకుని లేచింది.

జయకుమార్ ఐసు షెడ్డు పాళెం మొదట్లోనే ఉంటుంది. పాళెంలో సగం పడవల చేప అతని తూకం కిందికే వస్తుంది. మనిషి మంచివాడు. ఎవరింటికి పోయినా అక్కా, అత్తా అని నోరారా పిలుస్తాడు. సామ్రాజ్యాన్ని చూడగానే ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేయించాడు. నోట్లు బల్ల మీద పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం తొందరొచ్చిందక్కా ఇప్పుడు? నేనేమన్నా అడిగినానా? ఆరేండ్లయింది ఇంజనుకు డబ్బిచ్చి. ఒక్క పైసా వడ్డీ తీసుకున్నానా?"

"లేదన్నా. వడ్డీ తీసుకోలా."

అది నిజమే. వడ్డీ తీసుకోలేదు. చేప తీసుకున్నాడు. నెల్లూరులో వంజరం కిలో ఏడొందలు పలికే రోజున ఐదొందలకు కాటా వేశాడు. అందులో నూటికి పది కమిషను. తూకం అయ్యాక ఇంటి కూరకని ఊరికే ఇంకో చేప. అప్పు ఉన్నంతకాలం ఆ పడవ చేప ఇంకొకరు ముట్టుకోకూడదు. ఇంజనుకు తీసుకున్న లక్షన్నరకి ఈ ఆరేళ్ళలో ఎంత చేప పోయిందో వినీల లెక్కకట్టి చెప్పిన రోజు సామ్రాజ్యానికి అన్నం దిగలేదు. అతను అప్పు ఎన్నడూ ఎందుకు అడగడో ఆ రోజే ఆమెకు తెలిసింది.

"ఉంచుకో అక్కా. పాప నర్సింగులో చేరతానంటుండాది గదా, దానికి కట్టుకో. నాకు నిదానంగా ఇద్దువు."

ఆ మాటకు సామ్రాజ్యం చెయ్యి కాస్త వెనక్కి లాగింది. లాగలేదంటే అబద్ధం. కానీ మళ్ళీ ముందుకు చాచి నోట్లు బల్ల మీద పెట్టి, పైన అరచెయ్యి ఆనించింది.

"లెక్కపెట్టుకో అన్నా. చెల్లు అని రాసి సంతకం పెట్టియ్యి."

జయకుమార్ లెక్కపెట్టాడు. రాసిచ్చాడు. కాగితం ఆమె చేతికిస్తూ నవ్వాడు.

"మంచిదక్కా. బాకీ లేని బతుకే బతుకు. అవునూ, పిచ్చమ్మత్త ఆకువక్క గూడా మానేసిందంట గదా పాపం? మొన్న పేరమ్మోళ్ళ వాకిట్లో నిలబడి ఓ చీలికుంటే పెట్టు మే అని అడగతా ఉంటే చూసినా. నాకే ఎట్నో అయింది."

సామ్రాజ్యానికి ఆ సంగతి తెలియదు. మొహం మండిపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని బయటపడింది.

దారిలో బంకు దగ్గర తడి గోతం మీద తమలపాకుల కట్టలు పేర్చి ఉన్నాయి. నిలబడింది. ఇరవై రూపాయలైతే ఆకూ వక్కా సున్నం అన్నీ వస్తాయి. కొంగు ముడిలో పదమూడు రూపాయలున్నాయి. అప్పు పెట్టమంటే బంకతను కాదనడు. కానీ ఇప్పుడే కదా జన్మలో మొదటిసారి అప్పు లేకుండా రోడ్డు మీద నడుస్తున్నది! ఇరవై రూపాయల కోసం మళ్ళీ మొదలుపెట్టడమా?

'పదిహేనో తేదీ కొంటాలే' అనుకుని నడిచింది.

మర్నాడు సామ్రాజ్యం మొగుడు పెంచలయ్య పడవ నీడన కూర్చుని వల కుడుతున్నాడు. చెల్లు కాగితం చూసి సంతోషించాడు గానీ, ఆ సంతోషం వల సూదిలో రెండుసార్లు దారం ఎక్కించేలోపలే తరిగిపోయింది. ఆరేళ్ళు ఒకే తూకానికి అలవాటుపడ్డవాడు, పాపం.

"మన చేప ఎవురు కొంటారు మే? ఒడ్డునే పడుంటే కాకులు తింటాయి."

"వెంకటశేషమ్మక్క కొంటాది. నెల్లూరు మార్కెట్టులో పాతికేండ్లుగా అమ్ముతుండాది. ఇంకో ముగ్గుర్ని తెస్తానన్నది. రేపు నేనూ వినీలా పోయి మాట ఖాయం చేసుకొని వస్తాం."

"జయకుమారు ఊరుకుంటాడా? కొత్త వేటకు తాంబూలం పంపిస్తాడేమో."

అది పాళెంలో పాత పద్ధతి. వేట మొదలయ్యే ముందు వ్యాపారి పడవ ఉన్న ఇంటికి తాంబూలం పంపుతాడు. అందులో కొంత సొమ్ము పెడతాడు. ఆ ఇంటి పెద్ద ఆకు తీసుకుని నోట్లో వేసుకుంటే మాట ఇచ్చినట్టే. ఆ ఏడాది చేప అతనిదే. కాగితం ఉండదు, సంతకం ఉండదు. అయినా ఇంతవరకూ ఆ మాట తప్పినవాళ్ళు పాళెంలో లేరు.

"పంపించనీ. మనం తీసుకుంటే గదా!"

"ఇంట్లో పెద్దది మాయమ్మ. ఆమెకు చెప్పినావా?"

"చెప్పేదేముంది? బాకీ తీర్చేదానికి ఇంత తన్నుకుంటుండామని ఆమెకు తెలీదా?"

నిజానికి పిచ్చమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పట్టీ రాయడం మొదలైనప్పటి నుంచీ ఇంట్లో డబ్బు మాటలన్నీ తల్లీకూతుళ్ళ మధ్యే జరుగుతున్నాయి. ముసలామె పేరు పట్టీలో ఒక్కచోటే వచ్చింది, అదీ కొట్టేయడానికి.

పద్నాలుగో తేదీ పొద్దుననగా నెల్లూరు పోయిన తల్లీకూతుళ్ళు ఎండ దిగాక తిరిగొచ్చారు. మాట ఖాయమైంది. పడవ ఒడ్డుకు తగిలే వేళకు నలుగురు ఆడవాళ్ళు ఐసు పెట్టెలతో, చేతిలో డబ్బుతో వస్తారు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకే చేప. బస్సు దిగి నడిచి వస్తున్నంతసేపూ వినీల రేపటి డబ్బుతో ఏమేం చేయాలో చెబుతూనే ఉంది. సామ్రాజ్యం చాలా రోజుల తర్వాత నవ్వింది.

వాకిట్లో పిచ్చమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుని ఉంది. కోడల్ని చూసి, "వచ్చినారా మే? ఎండన పడి..." అంది.

ఆమె పెదాలు ఎర్రగా ఉన్నాయి.

సామ్రాజ్యం గుమ్మం దాటి లోపలికి చూసింది. నట్టింట్లో స్టీలు తట్ట. తట్టలో తమలపాకుల కట్ట, వక్కలు, అరటిపళ్ళు, జాకెట్టు గుడ్డ, వాటి పక్కన ఓ కవరు. కవరు తీసి చూడకముందే ఆమెకు తెలిసిపోయింది. పదివేలున్నాయి.

"జయకుమారు అబ్బయ్య వచ్చినాడు మే," అంది పిచ్చమ్మ, కోడలి మొహం చూసి తగ్గిన గొంతుతో. "బాకీ తీరిపోయిందత్తా, పాత స్నేహానికి తెచ్చినా అన్నాడు. కాళ్ళకు గూడా మొక్కినాడు. మరియాదకు తెచ్చినాడనుకున్నా."

"కవరెందుకు తీసుకున్నావు?"

"తట్టలో ఉండాదని నేను చూడలా. నేను ఆకే చూసినా మే." ఆమె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "లేత కవుళాకు. తడి గూడా ఆరలా. చూసేతలికి చెయ్యి ఆగలా."

సామ్రాజ్యానికి కళ్ళు కనపడలేదు. ఐసునీళ్ళలో రెండు నెలలు, కమ్మలు, పస్తులు, నడిచిన దూరాలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మతుండే చేసినావా ఈ పని? మతుండే మనిషి చేస్తాదా ఇట్టా? ఒక్క ఆకుకు ఇల్లు అమ్మేస్తివే!"

పిచ్చమ్మ కొంగు కొసతో పెదాలు తుడుచుకుంది. ఎరుపు పోలేదు. మళ్ళీ తుడుచుకుంది.

పడవ దగ్గరి నుంచి అప్పుడే వచ్చిన పెంచలయ్య తట్ట తీసుకుని ఐసు షెడ్డుకు పరిగెత్తాడు. అరగంటలో తట్టతోనే తిరిగొచ్చాడు. "నమిలిన తాంబూలం వాపసు తీసుకుంటారా పెంచలన్నా, పాళెంలో ఎక్కడన్నా ఉండాదా అన్నాడు. నవ్వతానే అన్నాడు," అని చెప్పి, తట్ట అరుగు మీద పెట్టి మోకాళ్ళ మధ్య తల దించుకున్నాడు. ఆ పూట ఎవరూ అన్నం తినలేదు. వినీల మాత్రం జేజి పక్కన వెళ్ళి కూర్చుంది.

పదిహేనో తేదీ పొద్దెక్కేసరికి పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఒడ్డంతా జనం. రెండు నెలలు తడవని ఇసుక మీద మళ్ళీ చేప వాసన. కొత్త వేటకు పోయొచ్చిన తొలి పడవలకు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది పిచ్చమ్మే. ఆమె చెయ్యి మంచిదని పాళెంలో గట్టి నమ్మకం. ముప్పై ఏళ్ళుగా ఆ చాట ఇంకొకరి చేతికి పోలేదు. రాత్రంతా నిద్ర లేకపోయినా ఆమె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చాటతో వచ్చి నిలబడింది. అప్పటికే మూడు పడవలకు తీసింది.

పెంచలయ్య పడవ నాలుగోది. వేట బాగా పడింది. తెల్లటి చందువలు, రెండు బుట్టల మాగ, మోచేతి పొడుగు వంజరాలు. చేపను చూసి వెంకటశేషమ్మ చీర పైకి దోపుకుని ముందుకొచ్చింది. "చందువ ఏడొందల యాభై!" అని పాట మొదలుపెట్టింది. పక్కనున్న ఆమె ఇంకో పాతిక పెంచింది.

"ఆగండక్కా, ఆగండి," అంటూ జయకుమార్ వచ్చాడు. వెనక అతని మనిషి కిషోర్ కాటా మోసుకొచ్చి పడవ పక్కన దించాడు. "ఆ చేప నాది."

"చెల్లు రాసిచ్చినావు గదన్నా!" సామ్రాజ్యం కాగితం తీసింది.

"పాత బాకీకి రాసిచ్చినా. కాదన్నానా? ఇది కొత్త వేట. నిన్న తాంబూలం ఇచ్చినా. మీ ఇంటి పెద్ద తీసుకున్నాది, నా ఎదురుగానే వేసుకున్నాది."

పాట ఆగిపోయింది. నెల్లూరు ఆడవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. కట్టుబాటు సంగతి వాళ్ళకూ తెలుసు. ఎవరో పోయి పాళెంలో తగువులు తీర్చే పెద్దకాపు వెంకయ్యను పిలుచుకొచ్చారు. ఆయన బోర్లించిన పడవ మీద కూర్చుని రెండు వైపులా విన్నాడు. సామ్రాజ్యం కొంగులోంచి కవరు తీసి ఆయన ముందు పెట్టింది.

"మోసం చేసి ఇచ్చినాడు వెంకయ్య మామా. పాత స్నేహానికని చెప్పినాడంట."

"ఆకు నోట్లో పడినాక ఎట్ట చెప్పినాడు, ఏం చెప్పినాడు అని లేదమ్మా," అన్నాడు వెంకయ్య. "నీ కష్టం నాకు తెలుసు. కానీ రేపు ఇంకోడు ఆకు నమిలి, నేను మాటియ్యలా అంటాడు. అప్పుడు వేట లేని రోజుల్లో మనల్ని నమ్మి బియ్యానికి డబ్బిచ్చేదెవురు?"

ఆయన కవరును పక్కకు జరిపాడు.

"ఒక్క దోవుండాది. పసిబిడ్డకో మతిలేనోళ్ళకో ఇచ్చిన తాంబూలం చెల్లదు. మీ అత్తకు మతి నిలకడ లేదని నలుగురి ముందర ఒక్క మాట చెప్పు. సొమ్ము తిరిగి పోతాది, చేప మీకొస్తాది. కాకుంటే అట్టాంటి చేత్తో పడవలకు దిష్టి తీయించేది ఉండదు. ఆమె మాట ఇంక ఎవురింటా మాట కాదు. అది గూడా ఆలోచించుకో."

పెంచలయ్య చేపల వైపు చూస్తున్నాడు, తల్లి వైపు చూడలేక. పిచ్చమ్మ చాట రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. పెదాల మీద ఎరుపు ఇంకా కొంచెం మిగిలి ఉంది.

ఒక్క మాట. సామ్రాజ్యం నిన్న ఇంట్లో ఎంత తేలిగ్గా అన్న మాట! వేపపుల్ల ఉన్న చెవిని అనుకోకుండానే తడుముకుంది.

"మా అత్తకు మతి బాగానే ఉండాది మామా," అంది చివరికి. "నా కన్నా బాగుండాది. మా ఇంటికి పెద్దది ఆమే." తర్వాత కిషోర్ వైపు తిరిగింది. "కాటా వెయ్యి."

కిషోర్ వంగి మొదటి బుట్ట ఎత్తబోయాడు.

"అబద్ధం," అంది పిచ్చమ్మ.

ఆమె చాట పట్టుకునే రెండడుగులు ముందుకొచ్చింది.

"నా కోడలు అబద్ధం చెప్తుండాది వెంకయ్యా. నా పరువు పోతాదని చెప్తుండాది. నాకు మతి లేదు. రెండు నెల్ల నుంచీ లేదు. పొద్దున తిన్నది మాపటికి గుర్తుండదు. పేరమ్మోళ్ళ వాకిట్లో ఆకు అడుక్కున్నా, ఇదుగో పేరమ్మ ఈడే ఉండాది. మతుండే ఆడది అడుక్కుంటాదా? నిన్న ఈ అబ్బయ్య వస్తే నేను గుర్తే పట్టలా. నా మొగుడొచ్చినాడనుకున్నా. చచ్చి పదేండ్లయినోడు తాంబూలం తెచ్చినాడని సంబరపడి నోట్లో పెట్టుకున్నా."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అటూ ఇటూ పాకింది. పిచ్చమ్మ ఆ నవ్వు అయిపోయేదాకా తల వంచకుండా నిలబడింది.

"అడగండి నా కోడల్ని. నిన్న ఇంట్లో ఏమన్నాదో అడగండి. మతుండే చేసినావా అని అన్నాదో లేదో."

వెంకయ్య సామ్రాజ్యం వైపు తిరిగాడు. "అన్నావా అమ్మా?"

"అన్నా," అంది సామ్రాజ్యం.

వెంకయ్యకు అర్థమైందో లేదో ఎవరికీ తెలియదు. ఆయన కవరు తీసి జయకుమార్ చేతికిచ్చాడు. జయకుమార్ లెక్కపెట్టుకుని, "మతిలేనోళ్ళ కాళ్ళకు మొక్కినానే!" అని పైకి నవ్వుతూ వెళ్ళిపోయాడు. కిషోర్ కాటా ఎత్తుకుని అతని వెనకే నడిచాడు.

"పేరమ్మా," అన్నాడు వెంకయ్య, ఎవరి వైపూ చూడకుండా. "చాట నువ్వు తీసుకో."

పేరమ్మ వచ్చి చెయ్యి చాచింది. పిచ్చమ్మ వెంటనే ఇవ్వలేదు. చెదిరిన మిరపకాయల్ని చాట మధ్యకు సర్ది, అప్పుడు ఇచ్చింది. ఇచ్చాక ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. వినీల ఏడుస్తూ వచ్చి ఆమెను ఇంటివైపు నడిపించింది.

చేప పాటలో పోయింది. జయకుమార్ తూకంలో పాతిక వేలయ్యే చేపకు నలభై వచ్చాయి. వెంకటశేషమ్మ ఒడ్డునే నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. పడవ మీద పోయినవాళ్ళకు వాళ్ళ పాళ్ళు పంచి, డీజిలు డబ్బు పక్కన పెట్టి, పెంచలయ్య మిగిలింది భార్య చేతిలో పెట్టాడు. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా అంత సొమ్ము ఆ చేతిలోకి రాలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇంటికి పోయే దారిలో సామ్రాజ్యం బంకు దగ్గర ఆగింది. ఒక కట్ట మొత్తం తీసుకుంది. మంచి వక్కలు, సున్నం డబ్బీ, ఓ లవంగాల పొట్లం. బంకతను చిల్లర ఇవ్వబోతే ఉంచుకోమంది.

పిచ్చమ్మ అప్పుడే అన్నం తిని చెయ్యి కడుక్కుని వాకిట్లో గోడకు చేరగిలబడింది. వినీల దగ్గరుండి తినిపించినట్టుంది. ఎంగిలి కంచం ఇంకా పక్కనే ఉంది. సామ్రాజ్యం ఆకుల కట్ట ఆమె ఒడిలో పెట్టి ఎదురుగా చతికిలబడింది.

"వేసుకో అత్తా."

పిచ్చమ్మ కట్ట విప్పింది. ఒక ఆకు తీసి, వెనక ఈనె మీద బొటనవేలితో రుద్ది, తొడిమ గిల్లింది. చేతికి అలవాటైన పని. సున్నం డబ్బీ దాకా పోయిన వేలు అక్కడ ఆగింది. ఆకును మళ్ళీ కట్టలో పెట్టి ముడేసింది.

"వద్దు మే."

"నా మీద కోపంతోనా?"

"నీ మీదెందుకు కోపం? పిచ్చిదానా." ఆమె కోడలి చేతిని, ఐసుకు పాలిపోయిన ఆ వేళ్ళని తీసుకుని చూసింది. "పెదాలు ఎర్రగా కనపడితే ఊరుకుంటారా మే? ముసిల్దానికి ఆకు మడిచే తెలివుండాది, సున్నం పాళ్ళు తెలుసు, మతెక్కడ పోయిందంటారు. జయకుమారు చెవిన పడతాది. వచ్చే ఏటికి గూడా చేప మీదే కావాలి గదా."

"తలుపేసుకొని వేసుకో అత్తా. నేను తెచ్చిస్తా, దినామూ తెచ్చిస్తా."

"ఎరుపెక్కడ దాస్తాం లే."

ఆకుల కట్టను కోడలి ఒడిలోకి నెట్టింది. సామ్రాజ్యం ఏడుపు ఆపుకోలేక, పనేదో ఉన్నట్టు ఎంగిలి కంచం తీసుకుని లేచింది.

పేరమ్మ దిష్టి తీసిన చాట చంకన పెట్టుకుని వీధిలో పోతూ వాకిలి ముందు ఆగింది. మంచిదే పేరమ్మ, పాపం. పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు పెట్టే గొంతు పెట్టి, ఒక్కో మాటా విడదీసి గట్టిగా పలకరించింది.

"ఏం పిచ్చమ్మక్కా! అన్నం... తింటివా?"

పిచ్చమ్మ ఆమెను కాసేపు చూసింది. తర్వాత కోడలి చేతిలో మెతుకులంటిన కంచం వైపు చూసింది.

"ఏమో మే," అంది. "గుర్తులేదు."